ఒడ్డు మీద ఛర్రా తుపాకి

ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. అన్నం ఉడుకుతుంటే మూత తీసి చూస్తాను. బస్సు ఆగితే దిగి చూస్తాను. ఎదుటివాళ్లు నింపాదిగా మాట్లాడుతుంటే వాళ్ల మాట నేనే పూర్తి చేసేస్తాను. అలాంటిదాన్ని, రాష్ట్రం కోసం సమ్మె జరిగిన ఆ వానకాలం తీసుకొచ్చి ఇంట్లో పడేసింది.

అప్పుడు నేను జనగామలో హాస్టల్లో ఉండి బి.ఎడ్. చదువుతున్నాను. కాలేజీ మూసేశారు. నాలుగు రోజులు చూసి హాస్టల్ కూడా మూసేశారు. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు, రైళ్లు ఎప్పుడు ఆపుతారో తెలియదు. ఆటోలు మారి, కొంత దూరం ఎవరిదో ట్రాక్టరు మీద, కొంత దూరం నడిచి, నర్సింహులపేట దగ్గరున్న మా ఊరు చేరాను. రాయాల్సిన టీచరు పరీక్ష వాయిదా పడింది. ఎప్పుడు పెడతారంటే రాష్ట్రం వచ్చాక అని ఒకరు, అసలు పెట్టరని ఇంకొకరు. పుస్తకం తెరిస్తే రెండు పేజీలు దాటేది కాదు. టీవీ ముందు కూర్చుంటే అందులోవాళ్లంతా ఇవాళో రేపో తేలిపోతుందన్నట్టు మాట్లాడేవాళ్లు. పొద్దు మాత్రం పోయేది కాదు. ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగి తిరిగి అమ్మకు తల తిరిగేలా చేశాను.

"గా కాళ్లు జర ఆపు బిడ్డా. నిన్ను చూస్తుంటె నాకే ఆయాసం అస్తున్నది" అనేది అమ్మ.

బాపు గొడవ వేరు. ఆయనకు రాష్ట్రం గురించి ఎంత ఆరాటమో, పొలంలో నీళ్ల గురించి అంతకు రెండింతలు. వరి పొట్టకొచ్చి గింజ పాలు పోసుకుంటున్న సమయం. వానలు ముందే వెనక్కి పోయాయి. బొగ్గు బాయిల్లోనూ సమ్మె కాబట్టి కరెంటు తగ్గింది. ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా ఎంతసేపు ఉంటుందో తెలియదు. వచ్చిన ఆ కాసేపట్లో మోటారు పెట్టి మడి తడుపుకోవాలి. తడిపిన నీళ్లు తెల్లారేసరికి మడిలో ఉండటం లేదు. బురద మాత్రం మిగిలేది. ఆ తరుణంలో వారం రోజులు నీళ్లు నిలవకపోతే గింజ తాలైపోతుంది. ఇల్లు నడిచేది ఆ పంట మీదే.

నీళ్లు ఎటు పోతున్నాయో అందరికీ తెలుసు. రెండు పొలాల మధ్య ఉండే మట్టి గట్టును మావైపు ఒడ్డు అంటారు. మా మడి ఎగువన, బాపు అన్న అయిన పెద్దబాపు మడి దిగువన. మధ్యలో ఉన్న ఒడ్డును పందికొక్కులు తొలిచేశాయి. పందికొక్కు అంటే ఎలుకకు పెద్దన్న, పిల్లి కూడా ఎదురుపడటానికి జంకుతుంది. వరి కర్రను మొదట్లో కొరికి పడేసి, వెన్నులను ఒడ్డు లోపలికి ఈడ్చుకుపోతుంది. బొక్కల ముందు కొత్త మట్టి కుప్పలు కుప్పలుగా ఉండేది.

ఒడ్డు తవ్వి, వాటిని వెళ్లగొట్టి, బురదతో గట్టిగా తొక్కి మూసేస్తే ఒక్క పొద్దు పని. ఊళ్లో ఎవరైనా చేసేది అదే. మా ఒడ్డుకు మాత్రం పార తగలకూడదు.

ఆ కథ కొంచెం చెప్పాలి. బాపు, పెద్దబాపు ఒకే తల్లి పిల్లలు. నేను బడికి పోతున్న రోజుల్లో వేరుపడ్డారు. పంపకాల్లో బర్రెలు, ఇత్తడి బిందెలు, గునపాలు అన్నీ పంచుకున్నారు. మక్కజొన్న చేను మీద చిలకలను బెదిరించడానికి ఇద్దరూ కలిసి కొన్న గాలి తుపాకి ఒకటి ఉండేది, సీసపు గుళ్లు వేసి కొట్టేది. ఆ గుళ్లను ఛర్రాలంటారు కాబట్టి మాకది ఛర్రా తుపాకి. తుపాకి మాకొచ్చింది, దాని సంచి పెద్దబాపుకు పోయింది. ఆ సంచిలో పెద్దమ్మ ఎండుమిరపకాయలు పోసి పెట్టుకునేది.

అన్నీ పంచుకున్నారు కానీ ఒడ్డును పంచుకోవడం కుదరలేదు. ఏటా నాట్ల ముందు ఒడ్డుకు రెండు పక్కలా గడ్డి చెక్కి, బురద మెత్తుతారు. చెక్కేటప్పుడు పార ఒక్క వేలెడు లోపలికి పోతే ఆ మేరకు నేల ఎవరో ఒకరికి కలుస్తుంది. అన్న ఎక్కువ చెక్కాడని తమ్ముడు, తమ్ముడు ఎక్కువ చెక్కాడని అన్న. ఒక ఏడు మాటామాటా పెరిగి కాలరు పట్టుకునేదాకా పోయింది. పెద్దమనుషులు కూర్చుని ఒక మాట తేల్చారు. ఇద్దరూ ఎదురుగా నిలబడితేనే ఆ ఒడ్డుకు పార తగలాలి, ఒక్కరున్నప్పుడు తగలొద్దు. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఎదురుగా నిలబడితే కదా! మాటలు బందు, ఒడ్డు చెక్కడం బందు. పందికొక్కులకు అంత భద్రమైన చోటు మండలంలోనే ఇంకొకటి దొరికి ఉండదు.

మందు పెడదామంటే పెద్దబాపు బర్రె ఆ ఒడ్డు మీదే మేస్తుంది. దానికేమైనా అయితే ఇంకో పంచాయితీ. పొగ పెడదామంటే మిగతా బొక్కలన్నీ తవ్వి మూయాలి, మళ్లీ పార. అందుకని బాపు ఒక సాయంత్రం అటక మీది నుంచి తుపాకి దించి, గుడ్డతో తుడిచి, నూనె పెట్టి నా చేతిలో పెట్టాడు.

"నాకు అద్దాలు పెట్టుకున్నా కనిపిస్తలేదు. నీ చేయి మంచిగుంటది. పొద్దుగూకంగ పోయి కూసో" అన్నాడు.

చిన్నప్పుడు ఇంటి వెనక గోడ మీద వక్కపలుకులు పెట్టి కొట్టడం ఆయనే నేర్పాడు. నిజం చెప్పాలంటే నాకు ఆయనకంటే గురి ఎక్కువ. అమ్మ మాత్రం మండిపడింది.

"రేపు సంబంధం చూడనీకి అచ్చినోళ్లకు ఏం చెప్తరు? పిల్ల తుపాకి పట్టుకొని ఒడ్డు మీద ఉన్నదని చెప్తరా?"

"గట్లనే చెప్పు. ఉల్టా మాట్లాడరు" అన్నాను నేను.

ఆ సాయంత్రం నుంచి నా రోజుకు ఒక పని దొరికింది. మోటారు గది మెట్టు మీద గోనెసంచి పరచుకుని కూర్చునేదాన్ని. తుపాకిని మధ్యలో విరిచి, గొట్టంలో ఛర్రా పెట్టి, మళ్లీ మూసి, ఒళ్లో పెట్టుకుని చూసేదాన్ని. ఎండ చల్లబడగానే పిట్టల గోల ఆగుతుంది. వరిలో సన్నగా కొరుకుడు వినిపిస్తుంది. ఒక బొక్క దగ్గర మట్టి కదులుతుంది. ముందు ముక్కు బయటికొస్తుంది, తర్వాత మీసాలు, తర్వాత తల. అంతవరకూ ఊపిరి బిగపట్టాలి. తొందరపడితే పోతుంది. మొదటి రెండు సార్లు తొందరపడ్డాను, రెండూ పోయాయి. మూడోది కొట్టాను. అది అక్కడే ఒరిగిపోయింది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పుకోవడానికి ఇప్పుడు కొంచెం సిగ్గుగానే ఉంది. ఆ సీజన్లో నా చేతుల మీదుగా పూర్తయిన మొదటి పని అది. దగ్గరికి పోయి చూస్తే ముతక బొచ్చు, పసుపు పళ్లు. అయినా మర్నాడు ఎప్పుడు పొద్దుగూకుతుందా అని మధ్యాహ్నం నుంచే ఎదురుచూశాను.

ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. బజార్లో పోతుంటే "మిలట్రీ వస్తున్నది, జర జాగ" అని పక్కకు తప్పుకునేవాళ్లు. రోడ్డు పక్క టెంటులో రిలే దీక్షలో కూర్చున్న ముసలాయన ఒకరు నన్ను పిలిచి, "బిడ్డా, గా కొక్కులు అయిపోయినంక ఢిల్లీకి పోయెటట్టు చూడు" అన్నాడు. టెంటు అంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు. అదే టెంటులో ఇంకో చివరన కూర్చున్న పెద్దబాపు నవ్వలేదు.

సాయంత్రాలు పెద్దబాపు తన మడి చివర రాయి మీద కూర్చుని చుట్ట కాల్చేవాడు. నేను కొడుతుంటే చూసేవాడు. ఒద్దని అనలేదు, మంచిదని అనలేదు. ఒడ్డులో ఉన్న పందికొక్కుల్లో ఆయనవైపువీ ఉంటాయి కదా, ఆయన పని కూడా నేనే చేస్తున్నాను, ఒక్క మాట అంటే ఏం పోయిందని ఒళ్లు మండేది నాకు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఒడ్డు పంచాయితీ నాటి నుంచి నాతోనూ మాటలు లేవు.

ఛర్రాలు అయిపోతే బాపు బండి మీద ఇద్దరం మహబూబాబాద్ పోయాం. దారి పొడుగునా రోడ్ల మీదే వంటలు. రాళ్లు అడ్డం పెట్టి, పొయ్యిలు పెట్టి, పెద్ద గంజుల్లో అన్నం వండుతున్నారు. రెండు చోట్ల ఆపి తిననిదే పోనివ్వమన్నారు. తిన్నాం. మహబూబాబాద్‌లో దుకాణాలన్నీ బందు. ఛర్రాలమ్మే ఆయన సగం షట్టరు కిందనుంచి డబ్బా అందించి, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూశాడు. పక్కనే మోటార్ల వైండింగు షాపు ఉంది. దానికి తాళం. ముందర కాలిపోయిన మోటార్లు వరసగా పడి ఉన్నాయి. కరెంటు ఎక్కువ తక్కువ వచ్చి ఊరూరా మోటార్లు కాలిపోతున్నాయని బాపు చెప్పాడు. మాది కాలనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాడు.

తెచ్చిన ఛర్రాలతో ఇంకా కొట్టాను. కొట్టేకొద్దీ గురి కుదిరింది. పందికొక్కులు తగ్గాయి, కొరుకుడు తగ్గింది. విచిత్రంగా మడిలో నీళ్లు ఇంకా తగ్గాయి. ఇంతకుముందు తెల్లారేసరికి బురదైనా మిగిలేది, ఇప్పుడు నేల నెర్రెలు విచ్చడం మొదలైంది. ఒడ్డు పక్కనున్న వరి ఆకులు అంచుల్లో ఎర్రబడ్డాయి. బాపు అన్నం సగంలో వదిలి లేచేవాడు. అర్ధరాత్రి కరెంటు వచ్చిందేమోనని బల్బు వేసి చూసుకునేవాడు. నిద్రలో కూడా ఆయన కాళ్లు కదులుతుంటాయని అమ్మ చెప్పింది. నా కుదురులేనితనం ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

ఒక పొద్దున్నే కరెంటు వచ్చింది. బాపు మోటారు పెట్టాడు. నేను ఒడ్డు మీద నడుస్తూ చూస్తున్నాను. క్రితం సాయంత్రం నేను కొట్టిన పందికొక్కు బొక్క దగ్గర నీళ్లు గిర్రున తిరుగుతూ లోపలికి పోతున్నాయి. అవతలకు దిగి చూస్తే పెద్దబాపు మడిలోకి కుళాయి తిప్పినట్టు పడుతున్నాయి. ఇంకొంచెం దూరంలో ఉన్న బొక్కకు మాత్రం మూతి దగ్గర తడి మట్టి ముద్దగా బిగించి ఉంది. అక్కడ చుక్క పోవడం లేదు. ఆ బొక్కలోది ఇంకా బతికే ఉంది.

నేను అక్కడే చతికిలబడ్డాను. పందికొక్కు తన ఇంట్లోకి నీళ్లు రాకుండా మూతిని మట్టితో మూసుకుంటుంది. అది బతికి ఉన్నన్నాళ్లు పొద్దూమాపూ ఆ మూతను బాగు చేసుకుంటూనే ఉంటుంది. చచ్చాక ఎవరు చేస్తారు? నేను ఒక్కొక్కదాన్ని కొడుతూ ఒక్కొక్క తూము తెరిచి పెట్టాను. పార ముట్టుకోకుండా పందికొక్కులను చంపాలనే ఆలోచన మా ఇంట్లోవాళ్లకు తప్ప లోకంలో ఇంకెవరికీ వచ్చి ఉండదు.

బాపుకు చెప్పాను.

"అవి బతికున్నప్పుడు బొక్క మూతి మూసుకుంటయ్ బాపూ. చచ్చినంక మూసెటోళ్లు లేరు. నీళ్లన్నీ గందుకే పోతున్నయ్. ఒడ్డు తవ్వి తొక్కాలె, ఇంక వేరే తొవ్వ లేదు."

"ఒడ్డుకు పార పెడితె మళ్ల లొల్లి" అన్నాడు.

"ఇద్దరు నిలబడితె లొల్లి ఏంది? పెద్దబాపును పిలువు."

"ముందుగాల ఆయనను రమ్మను. ఆయన దిక్కే కద నీళ్లు పోతున్నయ్. ఆయనకేం బాధ?"

పెద్దబాపు రాయి దగ్గరికి పోయాను. ఎన్నేళ్ల తర్వాతో ఆయన ముందు నిలబడి మాట్లాడటం. విషయం చెప్పాను. ఆయన చుట్ట ఆర్పి, ఒడ్డువైపు చూసి, "ఒడ్డు ముట్టొద్దు. ఎట్లున్నది గట్లనే ఉండనియ్" అన్నాడు. ఇంకేం చెప్పినా అదే మాట. వరి ఎండిపోతున్నదని చెప్పినా అదే మాట. నాకు ఆయన మీద అసహ్యం వేసింది. నీళ్లు ఊరికే వస్తున్నాయి కాబట్టి కదలడం లేదనుకున్నాను.

మర్నాడు దీక్షలో కూర్చునే వంతు ఇద్దరికీ వచ్చింది. టెంటు కింద ఒకే జంపఖానా, ఈ చివర బాపు, ఆ చివర పెద్దబాపు, ఇద్దరి మెడల్లో బంతిపూల దండలు. రాష్ట్రం కోసం పొద్దంతా తిండి మానేసి ఒకే టెంటు కింద కూర్చోగలరు. మడి కోసం ఒక్క పూట ఎదురెదురుగా నిలబడలేరు. రోడ్డు మీద నిలబడి కాసేపు వాళ్లనే చూశాను. కోపంతో చెవులు వేడెక్కాయి. ఇంటికి పోయి, తుపాకిని ఉన్నచోటే వదిలేసి, పార తీసుకుని పొలానికి నడిచాను.

మొదటి దెబ్బకు పార ఎగిరి వెనక్కొచ్చింది. రెండో దెబ్బకు దిగింది. ఏళ్ల తరబడి పార తగలని ఒడ్డు, గడ్డి వేళ్లు అల్లుకుని రాయిలా ఉంది. పక్క చేలో కలుపు తీస్తున్న తండా ఆడవాళ్లు లేచి చూశారు. వాళ్లలో వాళ్లు తమ భాషలో ఏదో అనుకున్నారు. ఒకామె చేను దాటి ఊరివైపు గబగబా నడిచింది. ఎందుకు పోతోందో నాకు తెలుసు. పోనీ అనుకున్నాను.

నేను మొదటి బొక్క సగం తెరిచేసరికి ఇద్దరూ వచ్చారు. ఒకరు ఈ దారిన, ఇంకొకరు ఆ దారిన. దండలు తీయడం కూడా మరిచిపోయారు. పొద్దున్నుంచి తిండి లేక, ఎండలో పరుగెత్తుకొచ్చి ఇద్దరూ రొప్పుతున్నారు. ఇద్దరి బంతిపూలూ వరిలో రాలుతున్నాయి.

"పార ఆపు" అన్నాడు పెద్దబాపు.

"ఆపు బిడ్డా" అన్నాడు బాపు.

"ఎందుకు ఆపాలె? పెద్దమనుషులు ఏం చెప్పిన్రు? ఇద్దరు నిలబడితె తవ్వచ్చన్నరు. ఇద్దరు నిలబడ్డరు కద" అన్నాను.

నేను తవ్వుతూనే ఉన్నాను. లోపల వెన్నులు బయటపడ్డాయి, తట్టెడు. మా సన్న వడ్లు, పెద్దబాపు దొడ్డు వడ్లు కలిసిపోయి ఉన్నాయి. బాపు ఒడ్డు దిగి నా చేతిలోంచి పార తీసుకున్నాడు. తవ్వడం మొదలుపెట్టాడు. పెద్దబాపు దవడ కదులుతోంది. ఆయన నన్ను చూశాడు, బాపును చూశాడు, తన మడివైపు చూశాడు. చివరికి పంచె ఎగగట్టి తనూ దిగాడు.

తవ్విన ఒడ్డును మళ్లీ కట్టాలంటే గీత కావాలి. రెండు చివర్లా ఉన్న హద్దురాళ్లకు తాడు కట్టి, ఆ తాడు వెంబడి మట్టి వేస్తూ పోవాలి. అప్పటికప్పుడు మోటారు గదిలో దొరికిన తాడు కొంచెం పొట్టిది, రాయికి ముడి పడలేదు. అందుకని ఈ రాయి దగ్గర బాపు, ఆ రాయి దగ్గర పెద్దబాపు కొసలు చేత్తో పట్టుకున్నారు. నేను మధ్యలో మట్టి తొక్కుతున్నాను. తాడు ఒకసారి ఇటు జరిగేది, ఒకసారి అటు జరిగేది.

"గుంజకు, తెగుతది" అన్నాడు బాపు, నేలవైపు చూస్తూ.

"నేను గుంజుతలేను. నువ్వే గుంజుతున్నవ్" అన్నాడు పెద్దబాపు.

ఏళ్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్న మాటలు అవి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బురద తొక్కుతూ తల దించుకున్నాను. పొద్దుగూకే వేళకు ఒడ్డు నిలబడింది. పెద్దబాపు కాళ్లు కడుక్కుని, వెనక్కి చూడకుండా పోయాడు. దొరికిన వెన్నులు తండా ఆడవాళ్లు పట్టుకుపోయారు. కొక్కుల బొక్కల్లో వడ్లు మా దగ్గర ఎప్పుడూ కూలోళ్లవే.

ఆ తర్వాత కరెంటు వచ్చినప్పుడు మా మడి నిండింది. తెల్లారి చూస్తే నీళ్లు అలాగే ఉన్నాయి. బాపు మడి చుట్టూ మూడు సార్లు తిరిగొచ్చి, అమ్మను అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఒడ్డు పక్కన రెండు మూడు సాళ్లు తాలైపోయినా మిగతాది దక్కుతుందన్నాడు.

బతుకమ్మ రోజులు. ఆ ఏడు బతుకమ్మలను రోడ్డు మధ్యలో పెట్టి ఆడారు. ఊరు ఊరంతా వచ్చింది. చప్పట్లు కొడుతూ వలయంలో తిరుగుతుంటే పెద్దమ్మ నా పక్కన పడింది. ఒకరి చెయ్యి ఒకరికి తగిలింది. ఆమె చేతిలో బలం లేదు. మొహం వాడిపోయి ఉంది.

"పెద్దమ్మా, పానం బాగలేదా?" అన్నాను.

"నాకేమైంది బిడ్డా. పొలమే బాగలేదు" అంది. వలయం నుంచి పక్కకు జరిగి, కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పింది. పెద్దబాపు మోటారు సమ్మె మొదలైన కొత్తలోనే కాలిపోయింది. మహబూబాబాద్‌లో వైండింగుకు వేశారు. ఆ షాపు బందులో ఉండిపోయింది. భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పనిచేసే కొడుకు కూడా సమ్మెలో ఉన్నాడు, జీతం లేదు, అందుకని పెద్దబాపు ఇంకో మోటారు కొనే మాట ఎత్తలేదు. "మీ దిక్కు కెళ్లి వచ్చే నీళ్లతోనే ఇన్నొద్దులు నడిపిచ్చిండు. అడగమంటె అడగడు. ఒడ్డు కట్టిన నాటి సంది మడి ఎండుతున్నది. పొట్టకచ్చిన వరి" అంది.

షాపు ముందు వరసగా పడి ఉన్న కాలిన మోటార్లు కళ్ల ముందు మెదిలాయి. అందులో ఒకటి మా పెద్దబాపుదే. నేను ఒక్కొక్క పందికొక్కును కొడుతుంటే ఆయన రాయి మీద కూర్చుని ఎందుకు చూశాడో, ఒడ్డు ముట్టొద్దని ఎందుకన్నాడో, బాపు తవ్వుతున్నప్పుడు ఆయన దవడ ఎందుకు కదిలిందో అప్పుడు అర్థమైంది. చప్పట్లు, పాట సాగుతూనే ఉన్నాయి. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఇంటికి పరుగు లాంటి నడక నడిచాను.

బాపు వాకిట్లో కూర్చుని రేడియో వింటున్నాడు. చెప్పాను. రేడియో కట్టేశాడు.

"మోటరు కాలితె చెప్పద్దా?" అన్నాడు, నా మీదే కోపంగా.

"ఎవలకు చెప్పాలె? నీకా?"

ఆయన లేచి లోపలికి పోయాడు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. పడుకున్నాడే గానీ నిద్రపోలేదు, నాకూ నిద్ర పట్టలేదు. మనసులో పెద్దబాపును ఎన్ని మాటలన్నానో అన్నీ గుర్తొచ్చాయి. పోయి చెప్పాలనిపించింది. ఏమని చెప్పాలో తెలియలేదు.

పొద్దున్నే కరెంటు వచ్చింది. బాపు మోటారు పెట్టి, పార భుజాన వేసుకుని ఒడ్డు మీదకు నడిచాడు. నేను వెనకే పోయాను. పెద్దబాపు తన మడిలో వంగి ఒక వరి వెన్నును వేళ్లతో నలిపి చూస్తున్నాడు. కాళ్ల కింద నేల పగుళ్లు.

"అన్నా" అన్నాడు బాపు. "జర ఇటు రా. ఒడ్డుకు పార పెడుతున్న. నువ్వు నిలబడాలె."

పెద్దబాపు లేచి నిలబడ్డాడు. నెమ్మదిగా వచ్చాడు. "మళ్ల ఎందుకు?"

"మడవ తీస్త. నీళ్లు నీ దిక్కు రావాలె."

"నాకు ఎవ్వల నీళ్లు వద్దు" అన్నాడు పెద్దబాపు, మొహం పక్కకు తిప్పుకుని.

బాపు పార నేల మీద ఆనించాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, గొంతులో మాత్రం కోపమే ఉంది.

"పందికొక్కులు ఇస్తె తీసుకున్నవ్. నేను ఇస్తె తీసుకోవా?"

పెద్దబాపు భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "ముందుగాల నీ మడి నిండనియ్ తమ్మీ. కరెంటు ఎంతసేపుంటదో" అన్నాడు.

బాపు ఆ మాట వినిపించుకోలేదు. అప్పటికే పార దించాడు.